అపార్టుమెంటులో, ఆఫీసులో పొగకు ఏ నియమం పెట్టాలి? ఐదు దారులు, వాటి లాభనష్టాలు

అసోసియేషన్ మీటింగులో పొగ మాట వచ్చిందంటే రెండు గొంతులు లేస్తాయి. "మా ఇంట్లో మేం తాగితే మీకేంటి?" అని ఒకరు. "మా పాప పడుకునే గదిలోకి వస్తోంది" అని ఇంకొకరు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అరగంట వాదన తర్వాత లిఫ్టు పక్కన "పొగ తాగరాదు" అని బోర్డు పెట్టాలని తీర్మానం రాసి, తర్వాతి అంశం అయిన నీళ్ళ ట్యాంకర్ల లెక్కకు వెళ్ళిపోతారు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే గొడవ.

బోర్డు పెట్టాలా, గట్టిగా నిషేధించాలా, తాగేవాళ్ళకు ఒక చోటు చూపించాలా, బాల్కనీల జోలికి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న కమిటీ సభ్యులు, చిన్న ఆఫీసుల యజమానులు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు, అద్దెకుండేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. పైకప్పు ఉన్న ఉమ్మడి చోట్లన్నిటా పూర్తి నిషేధం, ఆరుబయట కిటికీలకు దూరంగా తాగేందుకు ఒక చోటు. ఎక్కువ బిల్డింగుల్లో నిలబడేది ఈ జోడీయే. కానీ మీ బిల్డింగు ఎలా కట్టారు, అందులో ఎవరుంటున్నారు అన్నదాన్ని బట్టి మారే సంగతులున్నాయి, వాటికోసమే ఈ పోలిక.

ముందుగా చూసుకోవాల్సినవి

మొదటిది, పొగ చివరికి ఎవరి ముక్కులోకి వెళ్తోంది? తాగేది ఎక్కడ అన్నది కాదు, చేరేది ఎక్కడ అన్నది చూడాలి. కింది ఫ్లాటులో ఇంగువ పోపు వేస్తే పైన మూడో అంతస్తులో తెలిసిపోయే బిల్డింగు మీదైతే, ఆ పోపు వాసన వచ్చిన దారిలోనే సిగరెట్ పొగ కూడా వస్తుంది. బాత్‌రూమ్ డక్టు, లిఫ్టు గుంత, మెట్ల దారి, తలుపు కింది సందు, ఇవన్నీ పొగకు దారులే. లోపల వెచ్చగా, బయట చల్లగా ఉన్న రాత్రుల్లో గాలి కింది నుంచి పైకి లాగుతుంది కాబట్టి, సెల్లార్‌లో తాగినా పై అంతస్తుల వాళ్ళకు తగులుతుంది.

ఈ ప్రశ్నలో సాధారణంగా మరిచిపోయే వాళ్ళు వాచ్‌మన్ కుటుంబం. స్టిల్ట్ పార్కింగులో ఒక మూల గదిలో పిల్లలతో కాపురముంటారు. ఫ్లాటులో భార్య తిడుతుందనో, అమ్మ చూస్తుందనో కిందికి దిగి తాగేవాళ్ళంతా నిలబడేది సరిగ్గా ఆ గది ముందే. వాళ్ళకు మీటింగులో ఓటు లేదు, "సార్, కాస్త అటు వెళ్ళండి" అనే ధైర్యమూ ఉండదు. మీరు పెట్టే నియమం వాళ్ళను కాపాడుతుందా లేదా అన్నది నా లెక్కలో అన్నిటికంటే పెద్ద కొలత.

రెండోది, చట్టం ఎంతవరకు వస్తుంది? 2003 నాటి సిగరెట్లు, పొగాకు ఉత్పత్తుల చట్టం (దాన్నే కోట్పా అంటారు) బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. దానికి రెండేళ్ళ ముందే, 2001 నవంబరులో, కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆస్పత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, రైళ్ళు, బస్సుల వంటి చోట్ల నిషేధం అమలు చేయమని ఆదేశించింది. 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఆఫీసులు, మాల్స్, సినిమా హాళ్ళు, పబ్బులు, బార్లను కూడా పేరుపెట్టి చేర్చాయి. జరిమానా 200 రూపాయల దాకా. ఆ చోటు నడిపే యజమానికో మేనేజరుకో కూడా బాధ్యత ఉంది: 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తున్న బోర్డులు పెట్టాలి, యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో ఉంచకూడదు, ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ వ్యక్తి పేరు కనబడేలా రాయాలి.

ఫ్లాటు లోపలికి, మీ సొంత బాల్కనీలోకి ఈ చట్టం రాదు. నివాస భవనాల కారిడార్లు, మెట్లు కూడా చట్టంలోని జాబితాలో పేరుపెట్టి లేవు. అందుకే అపార్టుమెంటుకు అసలు బలం అసోసియేషన్ బైలాస్‌లో ఉంటుంది.

మూడోది, అమలు చేసేది ఎవరు? ఎవరూ లేకపోతే ఎంత గట్టి నియమమైనా కాగితమే. నాలుగోది, తాగేవాడికి వెళ్ళడానికి చోటుందా? చోటు చూపని నిషేధం మనిషిని మెట్ల మలుపులోకో, టెర్రస్ మీది వాటర్ ట్యాంకు వెనక్కో తోస్తుంది. నికోటిన్ అలవాటు మీటింగు తీర్మానంతో పోయేది కాదు. ఖర్చు, మనస్పర్థలు ఐదోవి. వీటి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, ఎవరి బిల్డింగు సంగతి వాళ్ళకే తెలుసు.

ఐదు దారులు ఒకచోట

| దారి | ఇతరులకు రక్షణ | అమలు | ఖర్చు | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|---|
| బోర్డు మాత్రమే | చాలా తక్కువ | ఎవరూ చేయరు | కొన్ని వందలు | ఎవరికీ కాదు |
| ఉమ్మడి చోట్లలో నిషేధం, బయట చోటు లేదు | మధ్యస్థం | కష్టం, దొంగచాటుగా తాగుతారు | తక్కువ | బయట జాగాయే లేని చిన్న బిల్డింగు |
| ఉమ్మడి చోట్లలో నిషేధం, ఆరుబయట నిర్ణీత చోటు | బాగుంటుంది | తేలిక | ఒక బెంచి, ఇసుక డబ్బా | ఎక్కువ అపార్టుమెంట్లు, ఆఫీసులు |
| బిల్డింగు లోపల స్మోకింగ్ రూమ్ | కాగితం మీదే | నిర్వహణ భారం | బాగా ఎక్కువ | చట్టం అనుమతించిన కొన్ని చోట్లకు, అదీ తప్పదనుకుంటే |
| బాల్కనీలతో సహా పూర్తి నిషేధం | అన్నిటికంటే ఎక్కువ | చాలా కష్టం, ఒప్పందంతోనే సాధ్యం | డబ్బు తక్కువ, వాదన ఎక్కువ | అద్దె ఇళ్ళు, పీజీలు, హాస్టళ్ళు |

బోర్డు మాత్రమే

దీని గురించి రెండు మాటలు చాలు. బోర్డు అవసరమే, కానీ బోర్డే నియమం కాదు. కింద సంతకం, ఫిర్యాదు చేయాల్సిన పేరు, మీరితే ఏమవుతుందో లేని బోర్డును అందరూ గోడలో భాగంగానే చూస్తారు.

నిషేధం పెట్టి, చోటు చూపకపోవడం

నాలుగైదు అంతస్తులు, పది పదిహేను ఫ్లాట్లు, చుట్టూ మూడడుగుల సందు తప్ప జాగా లేని బిల్డింగులు మన ఊళ్ళలో వేలల్లో ఉన్నాయి. వీటికి మరో దారి లేదు. లిఫ్టు, మెట్లు, కారిడార్లు, సెల్లార్, టెర్రస్ అన్నిటా నిషేధం పెట్టి, తాగాలనుకున్నవాళ్ళు గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళాలని చెప్పాల్సిందే.

ఇక్కడ వచ్చే చిక్కు టెర్రస్. "పైన ఆరుబయలే కదా, అక్కడ తాగనివ్వచ్చు కదా" అంటారు. ఆరేసిన బట్టలు, ఒడియాలు, సాయంత్రం ఆడుకునే పిల్లలు, మెట్ల తలుపు తెరిచి ఉంటే పై అంతస్తులోకి దిగే పొగ, ఇవన్నీ ఉన్న టెర్రస్‌ను అనుమతించడం నాకు నచ్చదు. కానీ బిల్డింగులో పొగతాగే పెద్దవాళ్ళు ఉండి, మోకాళ్ళ నొప్పులతో రోడ్డు దాకా నడవలేకపోతే, టెర్రస్‌లో మెట్ల గదికి దూరంగా ఉన్న ఒక మూలను రాత్రి వేళకు మాత్రమే ఇవ్వడం మెట్లలో దొంగచాటుగా తాగడం కంటే మేలు.

సెల్లార్ విషయంలో మాత్రం మినహాయింపే వద్దు. పెట్రోలు బళ్ళు, చార్జింగులో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఒక మూల పాత అట్టపెట్టెలు, ఇంకో మూల జనరేటరు. ఆర్పకుండా విసిరిన ఒక్క పీక చాలు. పొగ అంటే పట్టింపు లేని వాళ్ళు కూడా అగ్నిప్రమాదం అనగానే చెవి ఒగ్గుతారు, కాబట్టి మీటింగులో ముందు ఈ మాట ఎత్తండి.

నిషేధంతో పాటు ఆరుబయట ఒక చోటు

నేను గట్టిగా సమర్థించేది ఇదే. "ఇక్కడ కాదు" అనే మాట పక్కనే "అక్కడ" అని వేలు చూపించగలిగితే గొడవ సగం తగ్గుతుంది. వాచ్‌మన్ కూడా "సార్, అటు బెంచి వేశారు" అని భయం లేకుండా అనగలడు.

అయితే చోటు ఎంపికలో చాలా అసోసియేషన్లు పొరపడతాయి. గేటు పక్కన పెడతారు, వచ్చే పోయే ప్రతివాళ్ళూ పొగలోంచి నడవాలి. జనరేటర్ షెడ్డు పక్కన పెడతారు, అక్కడ డీజిలు ఉంటుంది. ఎవరికీ కనబడదని వాచ్‌మన్ గది వెనక పెడతారు, ఆ గదికి ఉన్న ఒకే ఒక కిటికీ అటే ఉంటుంది.

దూరానికి ఒక కొలత కావాలంటే అమెరికా ప్రభుత్వ గృహాల నియమం చూడొచ్చు. అక్కడి గృహనిర్మాణ శాఖ తన పరిధిలోని పబ్లిక్ హౌసింగ్‌లో 2018 జులై 30 లోగా ఇళ్ళ లోపల, ఉమ్మడి చోట్లలో, భవనానికి 25 అడుగుల లోపు సిగరెట్ తాగకుండా నియమం తెమ్మని ఆదేశించింది. 25 అడుగులంటే సుమారు ఏడున్నర మీటర్లు. మన దగ్గర అంత జాగా దొరకడం కష్టమే, అయినా కిటికీలు, పిల్లల ఆటస్థలం, ఏసీలు గాలి లాగే వైపు, వాచ్‌మన్ గది, ఈ నాలుగిటికీ వీలైనంత దూరం అని పెట్టుకుంటే చాలా చోట్ల ఒక మూల దొరుకుతుంది. పైకప్పు వేయకండి. వాన పడితే తడుస్తారన్న జాలితో రేకులు వేస్తే పొగ అక్కడే నిలుస్తుంది. ఇసుక పోసిన ఇనుప డబ్బా ఒకటి పెట్టండి. సిగరెట్ ఫిల్టర్లు దూది కావు, ఒక రకం ప్లాస్టిక్. మొక్కల్లో పడేస్తే ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి.

లోపల స్మోకింగ్ రూమ్

చూడటానికి ఆధునికంగా, ఇరువైపులకూ న్యాయంగా అనిపించే ఏర్పాటు ఇదే. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేదీ ఇక్కడే.

ముందు చట్టం సంగతి. ప్రత్యేక స్మోకింగ్ ఏరియాకు చట్టం వీలిచ్చింది మూడింటికే: విమానాశ్రయాలు, 30 గదులున్న హోటళ్ళు, 30 మందికి తగ్గకుండా కూర్చునే వీలున్న రెస్టారెంట్లు. సాఫ్ట్‌వేర్ ఆఫీసు, కోచింగ్ సెంటర్, షాపింగ్ కాంప్లెక్స్ ఈ జాబితాలో లేవు. అనుమతి ఉన్న చోట కూడా గది ఎలా ఉండాలో నిబంధనలు వివరంగా చెబుతాయి. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలు, తమంత తామే మూసుకునే తలుపులు, గది లోపల గాలి ఒత్తిడి బయటికంటే తక్కువ, ఎగ్జాస్ట్ నేరుగా ఆరుబయటికి, ప్రవేశద్వారం దగ్గర ఉండకూడదు. అంటే మీటింగు గదికి గాజు తలుపు పెట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తగిలిస్తే అది స్మోకింగ్ రూమ్ అవ్వదు.

ఇక ఆరోగ్యం. అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వం తరఫున ప్రజారోగ్యం గురించి మాట్లాడే పెద్ద వైద్యాధికారి) 2006 నివేదిక ఈ వాదనకు ముగింపు పలికింది. ఇతరుల పొగ పీల్చడంలో ప్రమాదం లేని స్థాయి అంటూ లేదని, తాగేవాళ్ళను వేరుగా కూర్చోబెట్టడం, గాలి శుభ్రం చేయడం, వెంటిలేషన్ పెంచడం వల్ల లోపలివాళ్ళకు పూర్తి రక్షణ రాదని, లోపల పొగ లేకుండా చేయడమొక్కటే ఆ పని చేస్తుందని అది తేల్చింది. ఎయిర్ ప్యూరిఫయర్ కొంటామనే వాళ్ళకూ ఇదే జవాబు. అది సన్నని రేణువులను కొంత పట్టుకుంటుంది, పొగలోని వాయువులన్నిటినీ పట్టుకోలేదు.

ఆ గది ఊడ్చేది ఎవరన్నది కూడా అడగండి. రోజూ ఆ పొగలోకి వెళ్ళి యాష్‌ట్రేలు ఖాళీ చేసే హౌస్‌కీపింగ్ మనిషి సిగరెట్ తాగదు, జీతం కోసం పీలుస్తుంది.

బాల్కనీలతో సహా పూర్తి నిషేధం

అసలు యుద్ధం జరిగేది బాల్కనీ దగ్గర. లోపల చంటిబిడ్డ ఉందని తండ్రి బాల్కనీలోకి వచ్చి తాగుతాడు. తన బిడ్డ విషయంలో ఆయన చేసింది మంచి పనే. ఆ పొగ పై ఫ్లాటు బాల్కనీలోకి, అక్కడి నుంచి ఇంకొక చంటిబిడ్డ గదిలోకి వెళ్తుంది.

సొంత ఫ్లాట్ల బిల్డింగులో దీన్ని నియమంగా పెట్టాలంటే కమిటీ తీర్మానం చాలదు. మీ అసోసియేషన్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉందో, పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఉందో చూసి, బైలాస్ మార్చడానికి అందులో రాసిన మెజారిటీతో జనరల్ బాడీలో నెగ్గాలి. నెగ్గినా, తలుపేసుకున్న ఇంట్లో ఏం జరుగుతోందో చూడటానికి ఎవరూ వెళ్ళరు, వెళ్ళకూడదు కూడా. దేశాలే ఇక్కడ జంకాయి. సింగపూర్ 2013లో నివాస భవనాల కారిడార్లు, మెట్లు, కింది ఖాళీ అంతస్తుల్లో పొగ నిషేధించింది. అంత కఠినంగా ఉండే దేశం కూడా అప్పుడు ఇంటి లోపలికీ బాల్కనీకీ ఆ నిషేధాన్ని తీసుకెళ్ళలేదు.

అందుకని సొంత ఫ్లాట్లలో నేను చెప్పేది మధ్యే మార్గం. బాల్కనీని మొత్తంగా నిషేధించకుండా, "పై ఫ్లాటు వాళ్ళు రాతపూర్వకంగా ఇబ్బంది చెబితే ఆ బాల్కనీలో తాగకూడదు" అని బైలాస్‌లో చేర్చండి. దీనికి ఒప్పుకునేవాళ్ళు ఎక్కువమంది ఉంటారు, ఎందుకంటే ప్రతివాళ్ళ కిందా ఎవరో ఒకరు ఉంటారు. ఫిర్యాదు రాకముందు ఒకసారి నోటితో చెప్పి చూడండి. "బాబాయ్ గారూ, మా బుజ్జిదానికి ఆయాసం, రాత్రి తొమ్మిది తర్వాత అటు వైపు బాల్కనీలో కూర్చుంటారా?" అని ఇంటికెళ్ళి అడిగితే వినేవాళ్ళు, వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడితే మొండికేస్తారు.

అద్దె ఇల్లయితే కథ వేరు. ఓనర్ అగ్రిమెంటులోనే "ఇంట్లో, బాల్కనీలో పొగ తాగరాదు" అని రాయించుకోవచ్చు. ఇష్టం లేనివాళ్ళు వేరే ఇల్లు చూసుకుంటారు. పీజీలు, హాస్టళ్ళలో అయితే ఇంకో దారి పెట్టుకోకండి. ఒక గదిలో ముగ్గురు నలుగురు పడుకుంటారు, పరుపులు, దుప్పట్లు, కర్టెన్లు నిప్పుకు ఎంత దూరం?

వేప్ సంగతి

వేప్ అంటే ఈ-సిగరెట్. "ఇది పొగ కాదు, ఆవిరి" అనే వాదన ఈమధ్య ప్రతి చోటా వినబడుతోంది. దీనికి రెండు జవాబులు.

ఒకటి, మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ 2019 చట్టంతో నిషేధం. నిల్వకు తప్ప మిగతావాటికి తొలిసారి దొరికితే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళు, ఐదు లక్షల దాకా. కాల్చకుండా వేడి చేసే పొగాకు పరికరాలు, ఈ-హుక్కా కూడా ఇందులోకే వస్తాయి. అంటే మీ బిల్డింగులో ఎవరి చేతిలో వేప్ కనబడినా అది సక్రమంగా అమ్మిన దుకాణం నుంచి వచ్చింది కాదు, లోపల ఏం పోశారో చెప్పే పూచీ ఎవరిదీ కాదు.

రెండు, అందులోంచి వచ్చేది ఉత్త నీటి ఆవిరి కాదు. నికోటిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, అతి సన్నని రేణువులు ఉంటాయి. సిగరెట్ పొగతో పోలిస్తే విషపదార్థాలు తక్కువే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పక్కవాళ్ళు పీల్చాల్సిన అవసరం ఏముంది?

కాబట్టి నియమంలో సిగరెట్‌కూ వేప్‌కూ తేడా పెట్టకండి. పెడితే "నేను తాగేది అది కాదు" అనే వాదనకు తలుపు తెరిచినట్టే. అయితే అసోసియేషన్ పోలీసు పాత్రలోకి దిగి, ఇంటర్ చదివే పిల్లల బ్యాగులు వెతకడం మొదలుపెడితే అది ఇంకో తప్పు. పదిహేడేళ్ళ కుర్రాడి దగ్గర వేప్ కనబడితే ముందు ఇంట్లో వాళ్ళకు విడిగా, పరువు పోకుండా చెప్పండి. బిల్డింగులో ఎవరైనా అమ్ముతున్నారని తెలిస్తే మాత్రం అది అసోసియేషన్ పరిధి దాటిన విషయం, పోలీసులకే చెప్పాలి.

సింగపూర్ వెళ్ళే మనవాళ్ళకు ఒక మాట. అక్కడ 2018 నుంచి వేప్ వాడటమే కాదు, దగ్గర పెట్టుకోవడమూ నేరమే. పిల్లల సూట్‌కేసు సర్దేటప్పుడు గుర్తుంచుకోండి.

మీరు వీళ్ళలో ఎవరు?

చిన్న ఆఫీసు లేదా దుకాణం నడుపుతున్నారా? మీకు ఎంచుకునే స్వేచ్ఛ తక్కువ. లోపల నిషేధం చట్టమే పెట్టింది, అమలు బాధ్యత మీదే. మీరు నిర్ణయించాల్సింది తాగేవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నదే. చాలా ఆఫీసుల్లో జవాబు "కింద టీ బండి దగ్గర". అది సరిపోతుంది, కానీ మీ బిల్డింగు మెట్ల మీద, ఏసీ గాలి లాగే చోట గుంపు కట్టకుండా చూడండి. తాగేవాళ్ళకు బ్రేకులు ఎక్కువని మిగతావాళ్ళలో గుర్రు ఉంటుంది. అందరికీ ఒకే సమయం బ్రేకు ఇస్తే ఆ గుర్రు పోతుంది.

గేటెడ్ కమ్యూనిటీ కమిటీలో ఉన్నారా? మీకు జాగా ఉంది కాబట్టి మూడో దారి తప్ప మరోటి ఆలోచించకండి. ఒక్క చోటు కాకుండా బ్లాకుల దూరాన్ని బట్టి రెండు మూడు పెట్టండి, లేకపోతే దగ్గరలో ఉన్న పార్కింగులోకే వెళ్తారు. క్లబ్‌హౌస్‌లో పార్టీకి అద్దెకిచ్చేటప్పుడు హుక్కా అడిగేవాళ్ళుంటారు. ఒప్పుకోకండి. తెలంగాణ శాసనసభ 2024లో కోట్పాకు సవరణ చేసి హుక్కా పార్లర్లనే నిషేధించింది.

అమెరికాలో అద్దెకుంటున్న మన విద్యార్థులు, ఉద్యోగులు మరో కోణంలో ఆలోచించాలి. అక్కడ చాలా ప్రైవేటు అపార్టుమెంట్లు లీజులోనే పొగ తాగరాదనే షరతు పెడతాయి, అందులో వేప్ కూడా కలిసి ఉండొచ్చు. గోడలకు, కార్పెట్‌కు పట్టిన వాసన పేరు చెప్పి డిపాజిట్‌లో కోత పడుతుంది. రూమ్మేట్లలో ఒకరు తాగితే లీజు మీద పేరున్న అందరికీ నోటీసు రావచ్చు. సంతకం చేసే ముందే ఆ పేజీ చదివి, రూమ్మేట్లతో మాట్లాడుకోండి.

ఇక ఇంట్లో తాతయ్యో నాయనమ్మో చుట్ట తాగే కుటుంబాలు. దీనికి చట్టమూ బైలాస్ పనికిరావు. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ళు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ తరాల నుంచి ఉంది. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని శ్రీకాకుళం ప్రాంతంలో దశాబ్దాల కిందటే పరిశోధకులు గుర్తించారు. డెబ్బై ఏళ్ళ మనిషిని "మానెయ్" అని పట్నం ఫ్లాటులోకి తెచ్చి కూర్చోబెడితే మానరు, బాత్‌రూమ్‌లో తాగి ఎగ్జాస్ట్ వేస్తారు, అది డక్టు ద్వారా బిల్డింగంతా చేరుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేయి పట్టుకుని కిందికి తీసుకెళ్ళి ఆరుబయట కూర్చోబెట్టండి. నోట్లో తెల్లమచ్చ, మానని పుండు ఉంటే డాక్టరుకు చూపించండి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం ఎంత పెద్దవారైనా లోపల తాగకూడదని నిక్కచ్చిగా చెప్పాలి. 2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో 38.7 శాతం మంది తమ ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నారు. బార్లు, బస్టాండ్ల గురించి ఎంత మాట్లాడుకున్నా, పొగ ఎక్కువగా ఉన్నది ఇళ్ళలోనే.

తాగేవాళ్ళకు కూడా ఈ నియమాల వల్ల మేలుంది. అందుబాటు తగ్గితే కొందరు తగ్గించుకుంటారు, కొందరు మానేద్దామనుకుంటారు. అలాంటివాళ్ళ కోసం బోర్డు మీద జాతీయ పొగాకు క్విట్‌లైన్ నంబరు 1800-112-356 కూడా రాయండి. కాల్ ఉచితం.

తీర్మానం ఇలా రాసుకోవచ్చు

మూడో దారి ఎంచుకున్న అపార్టుమెంటుకు ఒక నమూనా ఇస్తున్నాను. మీ పరిస్థితిని బట్టి మార్చుకోండి.

1. సిగరెట్, బీడీ, చుట్ట, హుక్కా, ఈ-సిగరెట్, వేప్, వీటిలో ఏదైనా ఈ నియమం కిందికి వస్తుంది.
2. లిఫ్టు, మెట్లు, కారిడార్లు, సెల్లార్, స్టిల్ట్ పార్కింగ్, జిమ్, క్లబ్‌హౌస్, టెర్రస్, పిల్లల ఆటస్థలంలో తాగకూడదు. ఇంటికి వచ్చిన అతిథులకూ, పనివాళ్ళకూ, డెలివరీకి వచ్చినవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.
3. బెంచి వేసిన ఆరుబయటి చోటు తప్ప ఆవరణలో మరెక్కడా తాగకూడదు. పీకలు ఇసుక డబ్బాలోనే వేయాలి.
4. బాల్కనీ పొగ గురించి పక్క, పై ఫ్లాట్ల నుంచి రాతపూర్వక ఫిర్యాదు వస్తే ఆ బాల్కనీలో తాగడం ఆపాలి.
5. మొదటిసారి మాటతో చెప్పడం, రెండోసారి రాతపూర్వక నోటీసు, మూడోసారి జనరల్ బాడీ నిర్ణయించిన రుసుము మెయింటెనెన్స్ బిల్లులో కలపడం.
6. నియమం మీరిన వారిని వాచ్‌మన్ అడ్డుకోనక్కర్లేదు. ఫ్లాటు నంబరు, సమయం రిజిస్టరులో రాసి సెక్రటరీకి చెబితే చాలు. అలా రాసినందుకు అతన్ని ఎవరూ నిలదీయకూడదు.